తిన్నవా అని కాదు... నీళ్లు తాగినవా అని అడగండి!

హైదరాబాదు ముత్యాలకు పేరు. పాతబస్తీ దుకాణాల్లో ఇప్పటికీ ‘బస్రా ముత్యం’ అంటే గౌరవం. కానీ ఆ ముత్యం హైదరాబాదులో పుట్టింది కాదు, బస్రాలో పుట్టిందీ కాదు. కువైట్, బహ్రెయిన్, ఖతర్ తీరాల్లోని సముద్రం అడుగున పుట్టి, బస్రా సంతలో చేతులు మారి, మన దేశానికి వచ్చేది. దాన్ని పైకి తెచ్చేవాడు ఓ పేద అరబ్బు గజ ఈతగాడు. ముక్కుకు ఎముకతోనో తాబేటి చిప్పతోనో చేసిన క్లిప్పు. కాలికి బరువైన రాయి. మెడలో చిన్న బుట్ట. ఒక్క గుక్క ఊపిరి బిగబట్టి నిమిషమో, నిమిషంన్నరో నీళ్ల అడుగున ఉండి చిప్పలు ఏరేవాడు. మండు వేసవి నాలుగు నెలలూ అదే పని. పగలు నాలుగు ఖర్జూరాలు, కాస్త కాఫీ. కడుపునిండా తినేది రాత్రికే.

అంత కష్టం ఎందుకంటే... అప్పు! పడవ యజమాని దగ్గర ముందే డబ్బు తీసుకుని ఇంట్లో ఇచ్చి వచ్చేవాడు. అది తీరేదాకా చెవిలో నెత్తురు కారినా, ఒళ్లు కాలిపోతున్నా మళ్లీ మునగాల్సిందే. అతని ప్రాణానికి భరోసా ఒక్కటే. పడవ మీద తాడు పట్టుకుని కూర్చున్న మరో మనిషి. కింద నుంచి తాడు కదిలితే చాలు, ఆయన ఒక్క ఉదుటున పైకి లాగేవాడు.

జపాన్ వాళ్లు ముత్యాలను పెంచడం నేర్చుకున్నాక, 1930ల నాటికి ఆ వ్యాపారం కుప్పకూలింది. 1932లో బహ్రెయిన్‌లో, 1938లో కువైట్, సౌదీల్లో చమురు బయటపడింది. కథ తిరగబడింది. ఒకప్పుడు అక్కడి నుంచి ఇక్కడికి ముత్యాలు వచ్చేవి. ఇప్పుడు ఇక్కడి నుంచి అక్కడికి మనుషులు వెళ్తున్నారు. ఎండ మారలేదు. అప్పు మారలేదు. మరి తాడు పట్టుకునేది ఎవరు?

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బతుకును మూడు ముక్కల్లో చెబుతారు పెద్దలు... ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని. సింగరేణిలో కొలువు దొరికితే బొగ్గుబాయి. మగ్గం సాగకపోతే బొంబాయి. బోరు ఎండిపోతే దుబాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు దుబాయి మాట వినపడని ఊరు దొరకడం కష్టం. అక్కడ దుబాయి అంటే ఒక్క దుబాయే కాదు. మస్కట్, దోహా, రియాద్, కువైట్ ఏదైనా దుబాయే!

వెళ్లినవారిలో ఎక్కువమంది క్షేమంగానే తిరిగి వస్తున్నారు. ఇల్లు కట్టారు, చెల్లెలి పెళ్లి చేశారు, పిల్లల్ని చదివించారు. కానీ శంషాబాద్ విమానాశ్రయంలో దిగే పెట్టెల్లో కొన్ని శవపేటికలు కూడా ఉంటున్నాయి. అందులో ఉన్నవాళ్లు చాలాసార్లు నలభై ఏళ్లు కూడా నిండనివారు. కాగితం మీద రాసి ఉండేది ‘గుండె ఆగిపోవడం వల్ల సహజ మరణం’ అని. పొద్దున ఫోనులో మాట్లాడిన మనిషికి రాత్రికి గుండె ఎందుకు ఆగిందో ఇంట్లో వారికి అర్థం కాదు.

ఈ చిక్కుముడిని కొంత విప్పింది 2019లో ‘కార్డియాలజీ’ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం. 2009 నుంచి 2017 దాకా ఖతర్‌లో చనిపోయిన నేపాలీ కార్మికుల లెక్కలు తీశారు పరిశోధకులు. గుండె, రక్తనాళాల జబ్బు కింద రాసిన మరణాలు 571. ఎండ ముదిరిన నెలల్లోనే అవి పెరిగాయి. వేడి నుంచి సరైన రక్షణ ఉంటే అందులో 200 దాకా ఆపగలిగేవే అని వారు తేల్చారు. నేపాలీ కార్మికుడు చేసే పనీ, ఉండే క్యాంపూ మన వాళ్లవే. కాబట్టి ఆ లెక్క మనకూ హెచ్చరికే.

మన ఎండ వేరు, ఆ ఎండ వేరు

‘రామగుండం ఎండలు చూసినోళ్లం, మనకు అదొక లెక్కనా’ అంటారు మన కుర్రాళ్లు. ధైర్యం మంచిదే కానీ ఇక్కడ అదే ముంచుతుంది. మన మే నెల ఎండ చాలా రోజులు పొడి ఎండ. చెమట పట్టిన వెంటనే ఆరుతుంది. ఆరుతూ ఒంటి వేడిని తనతో తీసుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడే కిటుకు కూడా అదే.

గల్ఫ్ తీరంలో జులై నుంచి సెప్టెంబరు దాకా సముద్రపు తేమ గాలిని నింపేస్తుంది. చెమట ధారగా కారుతుంది కానీ ఆరదు. నీళ్లూ ఉప్పూ పోతాయి, ఒళ్లు మాత్రం చల్లబడదు. వేడిని చర్మం మీదకు తెచ్చేందుకు గుండె ఇంకా ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. మరోవైపు నీళ్లు తగ్గి మూత్రపిండాలు ఎండిపోతుంటాయి. అందుకే థర్మామీటరులో మంచిర్యాల, దోహా ఒకే అంకె చూపించినా, ఒంటికి మాత్రం అవి ఒకటి కావు.

ఇంకో తేడా కూడా ఉంది. ఇక్కడ పొలంలో అలసిపోతే చెట్టుకింద కూర్చోవడం మన చేతుల్లో పని. అక్కడ కూర్చోవాలంటే ఫోర్‌మన్ ఒప్పుకోవాలి.

మొదటి వారమే గండం

కొత్త ఎండకు శరీరం అలవాటు పడటానికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. ఎండ దెబ్బకు పని దగ్గర చనిపోయేవారిలో నలుగురికి ముగ్గురు దాకా మొదటి వారంలోనే పోతున్నారని అమెరికా కార్మిక భద్రతా విభాగం చెబుతోంది. కొత్తవాళ్లకు మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఇవ్వాలని, తర్వాత రోజుకు ఐదో వంతు చొప్పున పెంచాలని నిపుణుల సూచన. సెలవు మీద ఇంటికొచ్చి రెండు నెలలు ఉండి తిరిగి వెళ్లేవాళ్లు కూడా మళ్లీ కొత్తవాళ్ల కిందే లెక్క. ‘పదేళ్ల సంది అక్కడే ఉంటున్న’ అన్న మాట ఒంటికి పట్టదు.

వీలైతే మొదటి ప్రయాణం నవంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోవడం మేలు. అది కుదరకపోతే మొదటి పది రోజులు ఓవర్‌టైమ్ ఒప్పుకోకపోవడం మేలు.

ఇక నీళ్లు. దాహం వేశాక తాగడం కాదు, వేయకముందే తాగాలి. ఎండలో పనిచేసేటప్పుడు పావుగంటకో, ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. అంటే గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు. అలాగని ఒకేసారి గటగటా తాగేయడమూ ప్రమాదమే, గంటకు లీటరున్నర దాటకూడదు. గంటల తరబడి చెమట పడితే వట్టి నీళ్లు చాలవు. మన మజ్జిగకు అక్కడ పేరు లబన్, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. ఓఆర్ఎస్ పొట్లాలు ఇక్కడి నుంచే పట్టుకెళ్లవచ్చు. అవీ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మాత్రం ముందే డాక్టరును అడగాలి. చల్లటి కూల్‌డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు నీళ్లకు బదులు కావు.

నీళ్లు సరిపోతున్నాయో లేదో చెప్పే యంత్రం ప్రతి మనిషి దగ్గరా ఉంది. మూత్రం లేత నిమ్మరసం రంగులో ఉంటే సరే. చిక్కటి పసుపు రంగుకు మారితే నీళ్లు చాలడం లేదు. టీ డికాషన్ రంగుకు వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నడుం నొప్పికి, ఒళ్లు నొప్పులకు రోజూ ఒక మాత్ర వేసుకుని పనికి వెళ్లడం చాలామందికి అలవాటు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి నీళ్లు తగ్గిన ఒంట్లో పడితే మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎండ పని, తక్కువ నీళ్లు, రోజూ నొప్పి మాత్ర... ఈ మూడూ కలిస్తే డయాలిసిస్‌కు దారి వేసినట్లే.

చట్టం ఉంది, తెలుసుకోండి

వేసవిలో మధ్యాహ్నం బయట పని చేయించకూడదని గల్ఫ్ దేశాలన్నింటిలో నిబంధన ఉంది. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు పని ఆపాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12.30 నుంచి 3 వరకు. సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు చివరిదాకా 11 నుంచి 4 వరకు. ఒమన్‌లో జూన్, జులై, ఆగస్టుల్లో 12.30 నుంచి 3.30 వరకు. బహ్రెయిన్‌లో 12 నుంచి 4 వరకు. అక్కడ రెండు నెలలే ఉన్న ఈ విరామాన్ని 2025 నుంచి మూడు నెలలు చేశారు.

ఈ వేళలు తెలిసిన కార్మికుడు అడగగలడు, ఫిర్యాదు చేయగలడు. తెలియనివాడు పని చేసుకుంటూ పోతాడు. విమానం ఎక్కేముందే ఒక కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోవాల్సిన సంగతి ఇది.

పచ్చళ్ల డబ్బాలో ప్రమాదం

కొడుకు వెళ్తుంటే తల్లి బ్యాగు సర్దుతుంది. మామిడికాయ తొక్కు, సకినాలు, కారంపొడి, మసాలా. ఆ మసాలాలోనే ఒక చిక్కుంది. గసగసాలు! మాంసం కూరకు కమ్మదనం తెచ్చే ఈ గింజలు నల్లమందు మొక్కవి. యూఏఈ, సౌదీ, ఖతర్ వంటి దేశాల్లో వీటిని మత్తు పదార్థం కిందే చూస్తారు. చిన్న పొట్లం దొరికినా జైలు తప్పకపోవచ్చు. నూరిన మసాలాలో కలిపినా అదే కథ. గల్ఫ్ బ్యాగులోకి గసగసాలు వెళ్లకూడదు. పక్కింటివాళ్లు ‘మావానికి ఇయ్యి’ అని ఇచ్చిన పొట్లం కూడా విప్పి చూడకుండా తీసుకెళ్లకూడదు. మొహమాటం ఒక్క నిమిషమే, శిక్ష ఏళ్ల తరబడి.

మందులదీ అదే దారి. కొడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్ నొప్పి మాత్ర, ఆల్ప్రజోలం వంటి నిద్ర మాత్రలు అక్కడ ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లరాదు. రోజూ వాడే బీపీ, షుగరు మందులైతే కంపెనీ పొట్లాలతోనే తీసుకెళ్లాలి. విడిగా కాగితంలో చుట్టకూడదు. మందు అసలు పేరు, మోతాదు ఆంగ్లంలో రాసిన డాక్టరు చీటీ వెంట ఉండాలి. బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లోని నీటిని బయటకు పంపుతాయి. ఎండ పనికి వెళ్తున్నానని చెబితే డాక్టరు మందు మార్చే అవకాశం ఉంటుంది.

కల్లు మానితే వచ్చే కష్టం

ఈ విషయం ఇంట్లో మాట్లాడుకోవడానికి చాలామంది ఇష్టపడరు. మన పల్లెల్లో అమ్మే కల్లంతా చెట్టు కల్లు కాదు. కొన్నిచోట్ల ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలుపుతారు. ఏళ్ల తరబడి అది తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు తట్టుకోదు. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడినప్పుడు ఇలాంటి లక్షణాలతో ఎంతోమంది ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వచ్చారు.

ఇదే మనిషి ఇవాళ సాయంత్రం కల్లు తాగి రేపు కువైట్‌లో దిగితే? మూడో రోజు క్యాంపులో పిచ్చి పట్టినట్లు తిరుగుతాడు. తోటివాళ్లకు ఏం జరిగిందో తెలియదు. పోలీసులు పట్టుకెళ్తారు. అందుకే రోజూ కల్లు తాగే అలవాటున్నవారు ప్రయాణానికి కనీసం రెండు మూడు నెలల ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడిని కలవాలి. మందుల సాయంతో మెల్లమెల్లగా మానాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అక్కడికి వెళ్లాక దొంగచాటు సారా జోలికి పోవడం అంతకన్నా ప్రమాదం. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారు. ఆసుపత్రి పాలైనవారిలో కొందరికి చూపు పోయింది. బాధితుల్లో ఎక్కువమంది ఆసియా కార్మికులే.

‘ఫిట్’ అంటే సరిపోదు

వీసాకు ముందు హైదరాబాదులో చేయించే మెడికల్‌ను ఇప్పటికీ చాలామంది ‘గామ్కా’ అనే పిలుస్తారు. ఇప్పుడు దాని పేరు వాఫిద్. క్షయ, హెచ్ఐవీ, హెపటైటిస్ వంటి అంటురోగాల మీదే దాని దృష్టి ఎక్కువ. అది ప్రధానంగా ఆ దేశం తన కోసం చేయించుకునే పరీక్ష. మీ కోసం మీరు చేయించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. బీపీ, షుగరు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, నలభై దాటితే ఈసీజీ, పంటి పరీక్ష. జిల్లా ఆసుపత్రికి ఒక పూట వెళ్తే తేలిపోయే పని. లక్షలు అప్పు చేసి వెళ్లే మనిషికి ఆ ఒక్క పూట బరువు కాకూడదు.

బీమా సంగతి ఇంకా ముఖ్యం. పది పాసు కాని ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పనికి వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. పన్ను కాకుండా రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు ఇస్తారు. కానీ ‘ప్రమాదంలో’ అన్న మాటను రెండుసార్లు చదవండి. గుండెపోటు అని రాస్తే ఆ 10 లక్షలు రావు. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరితే ఆ బీమా మొదటికే ఉండదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇచ్చేలా తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు తెచ్చింది. దరఖాస్తు కలెక్టరుకు చేసుకోవాలి. డబ్బు ఆసరా అవుతుంది, నిజమే. కానీ మనిషికి బదులు కాదు.

తాడు మన చేతిలోనే...

ముత్యాల ఈతగాడికి తాడు పట్టుకునేవాడు ఉన్నట్లే, ఇవాళ గాలి సిలిండరుతో సరదాగా సముద్రంలో దిగే పర్యాటకుడికి కూడా ఒక నియమం ఉంది. ఒంటరిగా దిగకూడదు, పక్కన జంట ఉండాలి. క్యాంపులోనూ అదే మేలైన పద్ధతి. ఒకే రూములో ఉన్న ఇద్దరు ఒకరినొకరు కనిపెట్టుకోవాలి. జంట మనిషి తడబడుతూ మాట్లాడుతుంటే, తూలుతుంటే, ఒళ్లు నిప్పులా కాలుతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోయాలి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. అంబులెన్సుకు ఫోను చేయాలి. యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999.

ఆ తాడు రెండో కొస ఇంట్లో ఉంది. వారం వారం వచ్చే ఫోనులో మనం అడిగేవి ఏమిటి? ‘తిన్నవా బిడ్డా? పానం మంచిగున్నదా? పైసలు ఎప్పుడు పంపుతవ్?’ మొదటి రెంటికీ అతను ‘మంచిగనే ఉన్న అవ్వా’ అంటాడు. మూడోది విన్నాక ఇంకేమీ చెప్పడు. మిత్తికి తెచ్చిన అప్పు ఇంటి గడప దగ్గర కూర్చుని ఉందని అతనికి తెలుసు. సెలవు పెడితే జీతం కోస్తారు. అందుకే ఛాతీలో నొప్పిని గ్యాసు అనుకుంటాడు. కఫీల్‌ను వదిలి ‘ఖల్లివల్లి’ అయినవాడైతే పట్టుబడతానన్న భయంతో ఆసుపత్రి మెట్లే ఎక్కడు.

కాబట్టి ప్రశ్న మార్చండి. ‘ఇయ్యాల ఎన్ని సీసాల నీళ్లు తాగినవ్? ఒంటికి తెల్లగ వస్తున్నదా, పచ్చగ వస్తున్నదా? పగటీలి పని ఆపిన్రా? రాత్రి నిద్ర పట్టిందా?’ అని అడగండి. ‘ఈ నెల పైసలు తక్కువైనా ఏం గాదు, దవఖానకు పో’ అన్న మాట ఇంట్లో నుంచి ముందు రావాలి. అది భార్య నోటి నుంచి వస్తే ఇంకా బలం. మిత్తివాడికి రెండు నెలలు ఆగమని చెప్పడం ఇక్కడివాళ్లకు సాధ్యమే. ఆగిన గుండెకు చెప్పేందుకు ఏమీ ఉండదు.

అతని రూములో ఉండే ఇద్దరి ఫోను నంబర్లు, కంపెనీ పేరు, పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో ఒక డబ్బాలో పెట్టుకోండి. రెండు రోజులు ఫోను రాకపోతే ఎవరిని అడగాలో అప్పుడు వెతుక్కునే పని ఉండదు. ప్రవాసీ కార్మికుల కోసం భారత ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను 1800 11 3090. యూఏఈలో ఉన్నవారికి 800 46342. ఈ రెండు నంబర్లూ క్యాలెండరు మీద రాసి పెట్టండి. అవసరం రాకపోతే అంతకన్నా సంతోషం ఏముంది!